స్పోక్ చక్రాలు కడిగి పాలిష్ పట్టడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

నాది కాకినాడ. వారంలో నాలుగైదు రోజులు ఉప్పాడ బీచ్ రోడ్డు మీద బుల్లెట్ నడుపుతాను. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అలల తుంపర రోడ్డు దాకా వచ్చి చక్రాల మీద పడుతుంది. అలాంటి చోట తిరిగే బండికి క్రోమ్ రిమ్ములు ఇంకా ఎలా మెరుస్తున్నాయని చాలామంది అడుగుతుంటారు. "ఏ పాలిష్ వాడతారండీ?" అనేదే అందరి మొదటి ప్రశ్న.

పాలిష్ చివర్లో వచ్చే చిన్న పని. చక్రం ఎన్నాళ్లు బాగుంటుందన్నది అంతకుముందు చేసే రెండు పనుల మీద ఉంటుంది. చేయి పెట్టేముందు అది ఏ లోహమో, దాని మీద ఏ పూత ఉందో తెలుసుకోవడం ఒకటి. కడిగాక చుక్క తడి లేకుండా ఆరబెట్టడం రెండోది. మురికి వల్ల పాడైన రిమ్ముల కంటే తప్పుగా కడిగి, తడిగా వదిలేసి పాడుచేసుకున్నవే నేను ఎక్కువ చూశాను.

మొదటిసారి రెండు చక్రాలకూ కలిపి 3 గంటలు పెట్టుకోండి. అలవాటయ్యాక గంటన్నర చాలు. పొద్దున్నే నీడలో మొదలుపెట్టండి. ఎండలో కాలిన రిమ్ము మీద షాంపూ నీళ్లు పోస్తే అవి జారకముందే మరకలుగా ఎండిపోతాయి.

## 1. ముందు మీ చక్రం ఏ రకమో తేల్చుకోండి

ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి తీసుకోండి. రిమ్ముకు గట్టిగా అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం. స్పోకులకూ పెట్టి చూడండి. అంటుకోకపోయినా, అంటీ అంటనట్టు ఉన్నా అవి స్టెయిన్‌లెస్ స్టీల్ స్పోకులు.

క్రోమ్ వేసిన ఉక్కు రిమ్ము. అద్దంలా మెరుస్తుంది. పైన కనిపించే క్రోమ్ గట్టిదే కానీ చాలా పల్చటి పొర. దాని కింద నికెల్, ఆ కింద ఉక్కు. పొరలో కంటికి ఆనని సన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి తడి దిగి అడుగున ఉక్కు తుప్పు పడుతుంది. రిమ్ము మీద కనిపించే గోధుమరంగు చుక్కలు ఆ తుప్పే.

అల్యూమినియం రిమ్ము. దీంట్లో రెండు రకాలు. పూత లేనిదైతే మెటల్ పాలిష్ వేసుకోవచ్చు. అనోడైజ్ చేసినదైనా (కరెంటుతో లోహం మీదే గట్టి పొర కట్టించినది), పైన లాకర్ (వార్నిష్ లాంటి పారదర్శక పూత) కొట్టినదైనా పాలిష్ పెట్టకూడదు. తేడా తెలియకపోతే ఎవరికీ కనపడని చోట కాస్త పాలిష్ పెట్టి రుద్దండి. గుడ్డ వెంటనే నల్లబడితే పూత లేని అల్యూమినియం. నల్లబడకపోతే పైన పూత ఉన్నట్టే, అక్కడితో ఆపేయండి.

నలుపు రంగు రిమ్ము. షాంపూ, మైనం. అంతే. మెటల్ పాలిష్ పెడితే రంగు వెలిసి మచ్చ పడుతుంది.

జింక్ పూత స్పోకులు. బూడిదరంగులో, పెద్దగా మెరుపు లేకుండా ఉంటాయి. చాలా బళ్లకు ఇవే వస్తాయి. జింక్ తాను అరిగిపోతూ లోపలి ఉక్కును కాపాడుతుంది. స్పోకుల మీద తెల్లటి పొడి పేరుకుందంటే జింక్ తన పని చేస్తోందని అర్థం. మెరుపు కోసం వీటిని రాపిడి పాలిష్‌తో రుద్దితే జింకే పోతుంది. ఆ రోజు మిలమిలలాడతాయి. ఒక వానాకాలం తిరిగేసరికి ఎర్రగా తుప్పు పడతాయి.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు బకెట్లు, ఒక మగ్గు
- బైక్ లేదా కార్ షాంపూ (బట్టల సబ్బు పొడి వద్దు)
- అంగుళం వెడల్పు పెయింట్ బ్రష్షు, పాత టూత్ బ్రష్షులు రెండు
- పాత నూలు లుంగీ చింపిన పట్టీలు పది పన్నెండు: రెండు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు
- మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు
- చిన్న గిన్నెలో కొంచెం కిరోసిన్
- వంటింటి అల్యూమినియం ఫాయిల్
- మెటల్ పాలిష్ (నేను ఆటోసోల్ వాడతాను)
- కార్లకు వాడే మైనం
- కుట్టు మిషన్ ఆయిల్
- రబ్బరు గ్లౌజులు, పాలిథిన్ కవర్లు

నీళ్ల గురించి ఒక మాట. బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువుంటే ఎండిన ప్రతి చుక్కా రిమ్ము మీద తెల్ల మచ్చ అవుతుంది. కడగడానికి అవే వాడినా పర్వాలేదు కానీ ఆఖరి కడుగుకు ఏసీ పైపులోంచి కారే నీళ్లు పట్టి ఉంచుకోండి. వాటిలో లవణాలు దాదాపు ఉండవు. రెండు చక్రాలకూ అర బకెట్ సరిపోతుంది. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లను మాత్రం పొరపాటున కూడా వాడకండి. లవణాలన్నీ చేరేది వాటిలోనే.

## 3. బండిని నిలబెట్టడం

గట్టి నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి. న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. సైలెన్సర్ చల్లారే దాకా ఆగండి.

వెనక చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజన్ ఆన్ చేసి, గేరు వేసి, తిరుగుతున్న చక్రానికి గుడ్డ ఆనించేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. చైనుకూ స్ప్రాకెట్‌కూ (చైను పట్టుకునే పళ్ల చక్రం) మధ్య గుడ్డ చిక్కితే వేలు కూడా దానితోపాటే వెళ్తుంది. చేయి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. పని ఎంత త్వరగా అవుతుందన్నా ఈ పద్ధతి వద్దు.

డిస్క్ బ్రేకు ఉంటే డిస్కుకూ కాలిపర్‌కూ (డిస్కును నొక్కే బ్రేకు భాగం) పాలిథిన్ కవరు చుట్టండి. చక్రం తిప్పాల్సినప్పుడు కవరు విప్పి మళ్లీ చుట్టాలి. విసుగే కానీ తప్పదు. ముందు చక్రం సెంటర్ స్టాండ్ మీద నేలకు ఆని ఉంటుంది కాబట్టి దాని వంతు వచ్చినప్పుడు స్టాండ్ తీసి, బండిని పావు చుట్టు చొప్పున ముందుకు జరుపుకుంటూ చేసుకోవాలి. జరిపిన ప్రతిసారీ సైడ్ స్టాండ్ వేయండి.

## 4. కడిగే ముందు స్పోకులను మోగించండి

చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోకు నడుము మీద మెల్లగా తట్టండి. బిగువుగా ఉన్నది "టింగ్" అంటుంది. వదులైనది "టక్" మని చచ్చు మోత మోగుతుంది. చాలా బళ్లకు చక్రానికి 36 లేదా 40 స్పోకులు ఉంటాయి. రెండు నిమిషాల పని. వాల్వు దగ్గర మొదలుపెట్టి మళ్లీ వాల్వు దగ్గరికి వస్తే ఏదీ తప్పిపోదు.

వదులైనవి కనపడితే చాక్‌పీసుతో గుర్తు పెట్టి మెకానిక్‌కు చూపించండి. మీరే ప్లయర్స్‌తో బిగించకండి. ఒక్క స్పోకును ఎక్కువ బిగిస్తే రిమ్ము పక్కకు లాగి చక్రం ఊగుతుంది. విరిగిన స్పోకు ఉంటే శుభ్రం చేయడం తర్వాత, ముందు దాన్ని మార్పించండి.

## 5. కడగడం: మధ్య నుంచి అంచుకు

నేరుగా నీళ్లు కొట్టకండి. ముందు పొడి బ్రష్షుతో దులపాలి. నల్లరేగడి పొలం గట్ల మీద తిరిగిన బండి అయితే ఎండిన మట్టిని పుల్లతో గీకకుండా, మగ్గుతో నీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వండి. ఎండు ఇసుకను గుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే.

1. గ్రీజు. వెనక రిమ్ము మీద చైను వైపు నల్ల చుక్కలుంటాయి. చైనుకు వేసిన లూబ్ చిమ్మి పడినవవి. గుడ్డ కొసను కిరోసిన్‌లో తడిపి, పిండి, ఆ చుక్కల మీద మాత్రమే తుడవండి. కిరోసిన్ పోయకండి, స్ప్రే చేయకండి. బ్రేకు డ్రమ్ములోకి గానీ డిస్కు మీదికి గానీ వెళ్తే బ్రేకు పట్టదు. దగ్గర్లో పొయ్యి, బీడీ, సిగరెట్ ఉండకూడదు.

2. హబ్బు. చక్రం నడిమధ్య, స్పోకులన్నీ వచ్చి కలిసే భాగం ఇది. షాంపూ నీళ్లలో పెయింట్ బ్రష్షు ముంచి ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. స్పోకులు హబ్బులోకి వంగి దిగే చోట మురికి గట్టిపడి ఉంటుంది. అక్కడికి టూత్ బ్రష్షు.

3. స్పోకులు. నాలుగు నాలుగు చొప్పున లెక్క పెట్టుకుంటూ వెళ్లండి. ఒకదాని మీద ఒకటి దాటే చోట రెండింటి మధ్యా బ్రష్షు తిప్పండి.

4. నిపుల్స్. స్పోకు రిమ్ములోకి దిగేచోట ఉండే చిన్న ముక్క ఇది. తుప్పు మొదలయ్యేది ఎక్కువగా ఇక్కడే. నిపుల్‌కూ రిమ్ముకూ మధ్య సన్న సందులో బురద నీరు నిలిచిపోతుంది. టూత్ బ్రష్షును నిపుల్ చుట్టూ గుండ్రంగా తిప్పండి.

5. రిమ్ము, టైరు అంచు. ఆఖరున.

రెండో బకెట్‌లో మంచి నీళ్లు ఉండాలి. బ్రష్షును ప్రతిసారీ అందులో జాడించాకే షాంపూలో ముంచండి. లేకపోతే తీసిన ఇసుకనే మళ్లీ పూసినట్టవుతుంది.

ప్రెషర్ పంపు ఉంటే దూరం నుంచి, చక్రానికి ఏటవాలుగా కొట్టండి. నిపుల్స్ మీదికీ, హబ్బు మధ్యలో బేరింగ్ సీలు మీదికీ ఎదురుగా కొట్టకూడదు. ట్యూబ్ టైర్లలో నిపుల్ రంధ్రాల గుండా నీరు రిమ్ము లోపలికి దిగుతుంది. లోపలికి దిగిన నీరు అంత తొందరగా ఆరదు. పంక్చర్ వేయించినప్పుడు ఒకసారి రిమ్ము లోపలి వైపు చూడండి. బయట తళతళలాడే రిమ్ములు లోపల పొలుసులు రాలుతుంటాయి.

## 6. ఆరబెట్టడం

ఈ పనిలో నేను ఎక్కువ సేపు కూర్చునేది ఇక్కడే.

ఏసీ నీళ్లు పోసి జాడించిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో రిమ్ము తుడవండి. తర్వాత లుంగీ పట్టీని ప్రతి స్పోకుకూ చుట్టి పైనుంచి కిందికి ఒకసారి లాగండి. ఇక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదిలి (ముందు చక్రమైతే బండిని కాస్త ముందుకు జరిపి) ఒక నిమిషం ఆగండి. పూర్తిగా ఆరిందనుకున్న రిమ్ము మీద నిపుల్ పక్కనుంచి సన్నటి నీటి గీత ఒకటి జారి వస్తుంది. సందుల్లో దాక్కున్న తడి అది. మళ్లీ తుడిచి మళ్లీ తిప్పండి. గీత రావడం ఆగేదాకా ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి.

హెయిర్ డ్రయర్ ఉంటే చల్లగాలి పెట్టి నిపుల్స్ చుట్టూ కొట్టండి. పంక్చర్ షాపు దగ్గర్లో ఉంటే కంప్రెసర్ గాలి ఇంకా మంచిది. అదీ పక్కల నుంచే.

## 7. క్రోమ్ మీద తుప్పు తీయడం

అరచేతిలో సగం ఉండే ఫాయిల్ ముక్క చింపి, వదులుగా ఉండ చేయండి. నీళ్లలో ముంచి తుప్పు చుక్క మీద మెల్లగా గుండ్రంగా తిప్పండి. అరనిమిషంలో ఫాయిల్ కింద బూడిదరంగు కలిసిన గోధుమరంగు ముద్ద పుడుతుంది. వేళ్ల కింద మొదట గరగరలాడేది కాస్తా నున్నగా జారడం తెలుస్తుంది. అప్పుడు ఆపి తుడవండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి మెల్లగా రుద్దినంత వరకు గీతలు పడవు. ఫాయిల్ చిరిగి మెత్తబడగానే కొత్త ముక్క తీసుకోండి.

తుడిచాక అక్కడ గుండుసూది మొనంత నల్ల చుక్క మిగలొచ్చు. పొరలో రంధ్రం అది. ఎంత రుద్దినా పోదు, పోగొట్టాలని చూడకండి. చుట్టూ ఉన్న మంచి క్రోమ్ కూడా అరిగిపోతుంది. దాన్ని మైనంతో మూసేద్దాం.

ఈ పద్ధతి క్రోమ్ ఉక్కుకు మాత్రమే. రంగు రిమ్ములకూ అల్యూమినియం రిమ్ములకూ వద్దు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరు, స్టీలు పీచు దేనికీ వద్దు.

జింక్ స్పోకుల మీద తెల్లపొడి ఉంటే పొడి టూత్ బ్రష్షుతో దులిపి, మిషన్ ఆయిల్ రాసిన గుడ్డతో తుడిస్తే చాలు.

## 8. పాలిష్ పట్టడం

చక్రం పూర్తిగా ఆరి, చల్లగా ఉండాలి. చుట్టంతా ఒకేసారి పూయకండి. రిమ్మును వాల్వు దగ్గర మొదలుపెట్టి ఆరు భాగాలు అనుకోండి. ఒక్కో భాగం పూర్తిచేసి ముందుకు వెళ్లండి.

క్రోమ్ రిమ్ము: కందిగింజంత పాలిష్ గుడ్డకు అద్ది, రిమ్ము చుట్టు వెంట పొడవుగా రుద్దండి. పల్చగా ఆరిన పొర కనిపించగానే శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఏడాదికి రెండుసార్లు చాలు. మిగతా రోజుల్లో మైనమే.

క్రోమ్, స్టెయిన్‌లెస్ స్పోకులు: లుంగీ పట్టీకి కొంచెం పాలిష్ రాసి, స్పోకు వెనక నుంచి తిప్పి రెండు కొసలూ చేతుల్లోకి తీసుకోండి. కవ్వం తాడు లాగినట్టు ఇటూ అటూ లాగుతూ హబ్బు నుంచి నిపుల్ దాకా రండి. ఒక్కో స్పోకుకు పది పన్నెండు లాగులు. తర్వాత పాలిష్ లేని పట్టీతో అలాగే తుడవండి. పట్టీ నల్లబడితే కొసకు జరుపుకోండి.

అల్యూమినియం హబ్బు: పూత లేనిదైతే చిన్న గుడ్డను వేలికి చుట్టి పాలిష్ పెట్టండి. మొదట గుడ్డ తారులా నల్లబడుతుంది. అది మామూలే. రెండు మూడు గుడ్డలు మార్చాక నలుపు తగ్గి మెరుపు తేలుతుంది.

పాలిష్ డిస్కు మీదికీ, టైరు మీదికీ పోకుండా చూసుకోండి. నిపుల్ సందుల్లో ఇరుక్కున్న పాలిష్ ఎండి తెల్లగా కనపడుతుంది. పొడి టూత్ బ్రష్షుతో తీసేయండి.

## 9. కాపు పూత

- రిమ్ముకు పల్చగా మైనం. పది నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. నల్ల చుక్కలున్న చోట రెండోసారి వేయండి.
- స్పోకులకు మిషన్ ఆయిల్ అద్దిన గుడ్డతో ఒక్క తుడుపు. వేలితో తాకితే జిడ్డు అంటకూడదు.
- నిపుల్స్ మీద నూనె చుక్కలు వేయకండి. లోపలికి దిగితే ట్యూబ్ రబ్బరు పాడవుతుంది. బ్రష్షు కొసను నూనెలో ముంచి, బాగా దులిపి, చుట్టూ ఒకసారి తిప్పితే చాలు.

ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాస్తుంటారు. అది జిగటగా మారి దుమ్మంతా పట్టుకుంటుంది. డీజిల్ కూడా వద్దు. రబ్బరుకూ, బ్రేకుకూ రెండింటికీ చేటు.

## 10. తరచూ చేసే తప్పులు, వాటి సవరణ

యాసిడ్. కొన్నేళ్ల కిందట ఒక వాటర్ సర్వీసింగ్ షాపులో బండి ఇచ్చాను. అక్కడి కుర్రాడు సీసాలోంచి ఏదో చల్లితే రెండు నిమిషాల్లో రిమ్ము కొత్తదానిలా తేలింది. నేను సంతోషపడి డబ్బులిచ్చి వచ్చాను. రెండు వారాలకు నిపుల్స్ అన్నీ బూజు పట్టినట్టు తెల్లబడ్డాయి. రిమ్ము మీద మచ్చలు మేఘాల్లా పరుచుకున్నాయి. ఆ చక్రం మళ్లీ పూర్వపు మెరుపుకు రానేలేదు. అప్పటి నుంచి బండి ఇచ్చే ముందే "చక్రాలకు నీళ్లూ షాంపూ తప్ప ఏమీ వద్దు తమ్ముడూ" అని చెబుతాను. టాయిలెట్ క్లీనర్ కూడా యాసిడే. ఇప్పటికే పడి ఉంటే వెంటనే నీళ్లు ధారగా పోయండి. లీటరు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి బ్రష్షుతో రాసి, మళ్లీ బాగా కడిగి ఆరబెట్టండి.

చింతపండు, నిమ్మకాయ. ఇత్తడి బిందెకు బాగుంటాయి. జింక్ స్పోకులను తినేస్తాయి.

తెల్లని నీటి మచ్చలు. రుద్దకండి. సమానంగా నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌లో గుడ్డ తడిపి మచ్చ మీద కొద్దిసేపు ఆనించి, తుడిచి, కడగండి. క్రోమ్ రిమ్ముకు మాత్రమే. స్పోకులకు తగలనివ్వకండి.

పాలిష్ తర్వాత మసక. పాలిష్ పూర్తిగా తుడవలేదన్నమాట. గుడ్డను కొంచెం తడిపి తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి.

బ్రేకు కీచుమనడం, జారడం. డిస్కు మీద జిడ్డు పడింది. శుభ్రమైన గుడ్డకు బ్రేక్ క్లీనర్ పట్టించి తుడవండి. ప్యాడ్లకు నూనె పట్టి ఉంటే మార్చాల్సిందే.

## 11. బండి తీసే ముందు

- డిస్కు మీది కవరు తీశారా?
- టైరు రోడ్డుకు ఆనే భాగం మీద మైనం, నూనె లేవు కదా?
- చక్రం తిప్పితే ఎక్కడా గుడ్డ ముక్క చిక్కి లేదు కదా?
- రెండు బ్రేకులూ నిలబడి ఉండగానే పట్టి చూశారా?

మొదటి అర కిలోమీటరు 20 కిలోమీటర్ల వేగం దాటకుండా, ఖాళీ రోడ్డు మీద, బ్రేకులు మెల్లగా నాలుగైదు సార్లు నొక్కుతూ వెళ్లండి. డ్రమ్ములో మిగిలిన తడి ఆ వేడికి ఆరిపోతుంది.

## 12. ఎన్నాళ్లకోసారి? ఎప్పుడు ఆపాలి?

సముద్రం దగ్గర తిరిగే బండి అయితే వారానికోసారి మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టండి, నెలకోసారి మైనం వేయండి. హైదరాబాద్, వరంగల్ లాంటి లోపలి ఊళ్లలో పదిహేను రోజులకోసారి కడిగి, రెండు నెలలకోసారి మైనం వేస్తే సరిపోతుంది. వానలు మొదలవక ముందు ఒకసారి, తగ్గాక ఒకసారి పైన చెప్పిన పనంతా చేయాలి. వానలో తడిసి ఇంటికొచ్చిన రోజు ఏమీ చేయలేకపోయినా రిమ్మును పొడి గుడ్డతో ఒకసారి తుడిచి పడుకోండి.

క్రోమ్ పొలుసులుగా లేస్తుంటే, గోరు పెడితే ఊడుతుంటే ఇక పాలిష్ పని చేయదు. రిమ్ము ఊడదీసి మళ్లీ ప్లేటింగ్ చేయించుకోవచ్చు. కానీ అప్పుడు పాత స్పోకులను కూడా ప్లేటింగ్‌కు ఇవ్వకండి. ప్లేటింగ్‌కు ముందు ముంచే యాసిడ్ వల్ల ఆ ఉక్కు పెళుసుబారి, బరువు పడినప్పుడు ఫట్టున విరగొచ్చు. స్పోకులూ నిపుల్సూ కొత్త సెట్టు తీసుకుని, చక్రం బెండు తీయడం బాగా తెలిసిన మెకానిక్ చేత కట్టించండి. కొత్త స్పోకులు మొదట్లో కొంచెం వదులవుతాయి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి స్పానర్‌తో మోగించి చూడండి.